ఇంట్లో చేసిన బీరును అమ్ముకోవచ్చా? బల్లార్షా పాఠకుడి ప్రశ్నకు సమాధానం

ప్రశ్న: వకీలు గారికి నమస్కారం. మా తాత కాగితపు మిల్లులో పని కోసం కరీంనగర్ వైపు నుంచి బల్లార్షాకు వచ్చి స్థిరపడ్డారు. మేము ఇక్కడే పుట్టి పెరిగాము. పుణేలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో విదేశీ వీడియోలు చూసి బీరు తయారుచేయడం నేర్చుకున్నాను. ఇప్పుడు ఇంటి నుంచే ఉద్యోగం చేసుకుంటూ నెలకు 20 లీటర్ల చొప్పున తయారుచేస్తున్నాను. మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం), హాప్స్ (చేదు రుచినిచ్చే పూలు), యీస్టు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటాను, మరే మందూ కలపను. ద్రవం సాంద్రత చూపే హైడ్రోమీటరుతో కొలిస్తే పులియకముందు 1.050, పులిసిన తరువాత 1.010 వస్తోంది. స్నేహితులు ఖర్చుల కింద సీసాకు 150 రూపాయలు ఇస్తున్నారు. రాజురాలో పర్మిట్ రూం (లైసెన్సు ఉన్న బారు) నడిపే మిత్రుడు తన దగ్గర పెట్టి అమ్ముదామంటున్నాడు. సిరొంచాలో జరిగే మా అక్క మరిది పెళ్లికి 40 సీసాలు తెమ్మని మా బావగారు అడుగుతున్నారు. చంద్రపూర్ జిల్లాలో దారూబందీ (మద్యనిషేధం) ఎత్తేశారు కదా, చిన్న స్థాయిలో అమ్ముకోవడానికి ఏ లైసెన్సు తీసుకోవాలి? ఇక్కడ వీలుకాకపోతే ఆసిఫాబాద్ వైపు పెట్టుకోవచ్చా? అటు తెలంగాణలో కల్లు, ఇటు అడవి పల్లెల్లో ఇప్పసారా అందరికీ తెలిసే నడుస్తుంటే, శుభ్రంగా చేసే నా బీరుకు మాత్రమే అడ్డంకి ఎందుకు?

సమాధానం: సూటిగా జవాబు చెప్పి, కారణాలు తరువాత వివరిస్తాను. మహారాష్ట్రలో ఒక వ్యక్తి తన ఇంట్లో తయారుచేసిన బీరును అమ్ముకోవడానికి ఇచ్చే చిన్న లైసెన్సు ఏదీ లేదు. అంతకంటే ముఖ్యమైన సంగతి, మీ ఉత్తరంలో ఎక్కడా మీరు అనుమానించని సంగతి, మరొకటి ఉంది. అమ్మకం మాట అటుంచి, లైసెన్సు లేకుండా బీరు తయారుచేయడమే ఈ రాష్ట్రంలో నేరం. ఇల్లయినా, 20 లీటర్లే అయినా, రూపాయి తీసుకోకపోయినా అది నేరమే. అందువల్ల ముందుగా నా విన్నపం ఇది: ఈ నెల బీరు ఇంకా మొదలుపెట్టకపోతే, ఇక మొదలుపెట్టకండి.

మన దగ్గర అమలులో ఉన్నది 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టం. ఇప్పుడు దానిని మహారాష్ట్ర మద్యనిషేధ చట్టం అని పిలుస్తున్నారు. చాలామంది దీనిని వ్యాపారాన్ని క్రమబద్ధం చేసే చట్టంగా భావిస్తారు కాని, దాని నిర్మాణం అందుకు తలకిందులుగా ఉంటుంది. 12వ సెక్షను మద్యం తయారీని, బ్రూవరీ (బీరు తయారీ కర్మాగారం) కట్టడాన్ని, నడపడాన్ని, దిగుమతి, ఎగుమతి, రవాణాలను, మద్యం దగ్గర ఉంచుకోవడాన్ని, అమ్మడాన్ని, కొనడాన్ని ఒకే వరుసలో నిషేధిస్తుంది. 13వ సెక్షను మరో అడుగు ముందుకు వేసి, అమ్మకానికి సీసాల్లో నింపడాన్ని, తాగడాన్ని, తయారీ కోసం పాత్రలు, పరికరాలు, ముడిసరుకు ఉంచుకోవడాన్ని కూడా నిషేధిస్తుంది. ఇవన్నీ చెప్పిన మీదట, చట్టమూ నియమాలూ లైసెన్సులూ అనుమతించిన మేరకు మాత్రమే ఈ పనులు చేసుకోవచ్చునని 11వ సెక్షను వెసులుబాటు కల్పిస్తుంది. అంటే ఇక్కడ నిషేధమే సాధారణ స్థితి, అనుమతి దానికి మినహాయింపు. ఈ రాష్ట్రంలో లైసెన్సు ఉన్న దుకాణంలో కొన్న మద్యం తాగడానికి సైతం ఒకరోజు, ఏడాది లేదా జీవితకాలపు పర్మిట్ ఉండాలన్న నియమం ఈనాటికీ ఉంది. ఈ వరుసలో మీ పనిని పెట్టి చూస్తే, తయారీ, నిల్వ, సీసాల్లో నింపడం, అమ్మకం, వీటిలో ఒక్కదానికీ మీ చేతిలో మినహాయింపు లేదు.

శుభ్రంగా చేసుకునే చిన్న పనిని ప్రభుత్వం ఇలా ఆపవచ్చా, బతుకుతెరువు హక్కు మాటేమిటి అని మీకు సందేహం రావచ్చు. మన రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని రాష్ట్రాల జాబితాలో, 8వ అంశంగా, మద్యం తయారీ నుంచి అమ్మకం వరకు మొత్తం అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. మత్తు పానీయాల నిషేధానికి రాజ్యం కృషి చేయాలని 47వ అధికరణం ఆదేశిస్తుంది. ఈ చట్టాన్ని సవాలు చేసిన బల్సారా కేసులో సుప్రీంకోర్టు 1951లోనే దానిలోని చాలా భాగాన్ని సమర్థించింది. మద్యం వ్యాపారం చేయడం పౌరుడి ప్రాథమిక హక్కు కాదని 1994లో ఖోడే డిస్టిలరీస్ కేసులో మరింత స్పష్టంగా చెప్పింది. అందువల్ల ఈ విషయంలో కోర్టుకు వెళ్లి హక్కు సంపాదించుకోవచ్చునన్న ఆశ పెట్టుకోవద్దు. అనుమతి ఇచ్చేదీ ఇవ్వకపోయేదీ రాష్ట్ర ప్రభుత్వమే.

మీరు చూసిన విదేశీ వీడియోల వల్ల పుట్టిన పొరపాటు ఇక్కడే ఉంది. అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం, ఇంట్లో ఒక్కరే పెద్దవారు ఉంటే ఏడాదికి 100 గాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది ఉంటే 200 గాలన్లు, అంటే సుమారు 757 లీటర్ల బీరును పన్ను లేకుండా తయారుచేసుకోవడానికి వీలు కల్పించింది. బ్రిటన్‌లో 1963లో ఇంటి బీరుకు లైసెన్సు అవసరాన్ని తీసేశారు. ఆ దేశాల వాళ్లు తమ వంటగదిలో నిలబడి ధైర్యంగా వీడియోలు చేయడానికి ఆ చట్టాలే ఆధారం. గమనించండి, అక్కడ సైతం ఆ మినహాయింపు సొంత వాడకానికే తప్ప అమ్మకానికి కాదు. సీసా అమ్మదలిస్తే అక్కడివారూ లైసెన్సు తీసుకోవలసిందే, పన్ను కట్టవలసిందే. పద్ధతిని వీడియో చూసి నేర్చుకోవచ్చు కాని, ఆ వీడియో వెనుక ఉన్న చట్టం మన ఊరికి రాదు.

ఇక స్నేహితులు ఇస్తున్న 150 రూపాయల విషయం. లాభం తీసుకోవడం లేదు, ఖర్చులు పంచుకుంటున్నాము అన్నది మీ వాదన. మీ నిజాయితీని నేను శంకించడం లేదు. అయినా, సీసా చేతులు మారింది, దానికి ధర ఉంది, అది మళ్లీ మళ్లీ జరిగింది. ఫోన్‌పేలో వచ్చిన చిన్న చిన్న మొత్తాలు, వాట్సాప్‌లో ‘ఈసారి ఎన్ని కావాలి’ అన్న సందేశాలు విచారణాధికారి ముందు అమ్మకానికి సాక్ష్యంగానే నిలబడతాయి. విరాళం, చందా, ఖర్చుల వాటా అని పేరు మార్చినంత మాత్రాన వ్యవహారం మారదు. పైగా కొన్నవారూ నేరంలో భాగస్థులవుతారని 12వ సెక్షను చెబుతున్నది. మీ మీద అభిమానంతో డబ్బు ఇచ్చిన స్నేహితులను మీరు తెలియకుండానే ఆ స్థితిలోకి తెచ్చారు. లైసెన్సు లేని తయారీకి, అమ్మకానికి 65వ సెక్షను కింద జైలుశిక్ష, జరిమానా రెండూ ఉన్నాయి. పులియబెట్టే డ్రమ్ము, గొట్టాలు, సీసాలకు మూత బిగించే యంత్రం, వీటిని తయారీ కోసం దగ్గర ఉంచుకోవడం ఆ సెక్షనులోనే వేరే నేరం. సరైన వివరణ ఇవ్వలేకపోతే నేరం జరిగినట్లుగానే భావించవచ్చునని 103వ సెక్షను అంటుంది. సాధారణంగా నేరం రుజువు చేసే భారం ప్రభుత్వానిది. ఇలాంటి వస్తువులు ఇంట్లో దొరికినప్పుడు మాత్రం వివరించే భారం మీ మీదకు వస్తుంది. మాల్టు, హాప్స్ కొనడం దానంతట అది నేరం కాదు. అవి ఎందుకోసం ఉన్నాయన్నదే ప్రశ్న, ఆ ప్రశ్నకు మీ దగ్గర వేరే జవాబు లేదు.

సిరొంచా పెళ్లి గురించి విడిగా, కొంచెం గట్టిగానే చెప్పాలి. సిరొంచా ఉన్న గడ్చిరోలి దారూబందీ జిల్లా. ఆడవాళ్లు, గ్రామసభలు, సామాజిక కార్యకర్తలు కలిసి ఏళ్ల తరబడి చేసిన ఉద్యమం ఫలితంగా అక్కడ 1993లో నిషేధం వచ్చింది. వర్ధాలో అంతకుముందే, 1975 నుంచి ఉంది. అక్కడ లైసెన్సు దుకాణమే లేదు కనుక, మీ సీసాలు ఎక్కడివన్న ప్రశ్నకు చట్టబద్ధమైన సమాధానం ఏదీ సాధ్యం కాదు. దారి సంగతి కూడా ఆలోచించండి. ఆష్టి మీదుగా వెళితే వైన్‌గంగ దాటగానే నిషేధ జిల్లాలో అడుగుపెడతారు. రాజురా, ఆసిఫాబాద్, మంచిర్యాల, చెన్నూరు మీదుగా వెళితే మొదట మహారాష్ట్ర నుంచి తెలంగాణలోకి, ప్రాణహిత వంతెన దగ్గర తెలంగాణ నుంచి మళ్లీ మహారాష్ట్రలోకి, రెండుసార్లు రాష్ట్ర సరిహద్దు దాటుతారు. ఆ రెండు చోట్లా అనుమతి లేని ఎగుమతి, దిగుమతి అవుతాయి. వాహనం జప్తు అవుతుంది. అది మీది కాకపోతే యజమాని కూడా కోర్టు చుట్టూ తిరగాలి. పెళ్లివారి కారులో సీసాలు దొరికితే పంచనామాలో పెళ్లికొడుకు తండ్రి పేరు, బావగారి పేరు కూడా రాసే పరిస్థితి వస్తుంది. ఇలాంటి కేసుల్లో అసలు శిక్ష తీర్పు కంటే చాలా ముందే మొదలవుతుంది. బెయిలు కోసం, వాయిదాల కోసం, జప్తయిన బండి విడిపించుకోవడం కోసం సిరొంచా నుంచి, అహేరి నుంచి కూలి మానుకుని వచ్చే కుటుంబాలను నేను చూస్తూనే ఉన్నాను. మీ అక్క అత్తవారింట ఆ పరిస్థితి మీ చేతుల మీదుగా రాకూడదు. బావగారికి ఈ విషయం మీరే, ఈ వారంలోనే, స్పష్టంగా చెప్పండి. మాట కాదన్నందుకు నొచ్చుకుంటారని వెనకాడవద్దు.

గడ్చిరోలిలో ఆ నిషేధం వెనుక ఉన్న బాధను సరిహద్దు తెలుగువాళ్లం మనం తక్కువ చేసి చూడకూడదని నా నమ్మకం. తాగుడు వల్ల ఇల్లు గుల్లయిన ఆడవాళ్లే ఆ ఉద్యమానికి బలం. ఇదే రాష్ట్రంలో ఒక ఊళ్లో లేదా వార్డులో మద్యం దుకాణం మూయించడానికి స్త్రీలు ఓటు వేసే ఏర్పాటు కూడా ఉంది. నిలబడ్డ సీసా బొమ్మకు పడితే దుకాణం ఉంటుంది, ‘ఆడవీ బాటలీ’కి, అంటే పడుకోబెట్టిన సీసా బొమ్మకు మెజారిటీ వస్తే మూతపడుతుంది. రేపు మీరు లైసెన్సు దారిలోనే వెళ్లినా, స్థలం ఎంచుకునేటప్పుడు ఆ ఊరి ఆడవాళ్ల మాట ఏమిటో ముందుగా తెలుసుకోవాలి.

చంద్రపూర్‌లో నిషేధం ఎత్తేశారు కదా అన్నారు. నిజమే, 2015 ఏప్రిల్ 1 నుంచి అమలైన నిషేధాన్ని ప్రభుత్వం 2021లో తొలగించింది. దానివల్ల లైసెన్సు ఉన్న వైన్ షాపులు, బీర్ షాపీలు, పర్మిట్ రూములు తెరుచుకున్నాయి. లైసెన్సు లేనివారికి కొత్త హక్కేమీ రాలేదు. రాష్ట్రమంతటికీ వర్తించే 1949 చట్టం నిషేధానికి ముందూ ఉంది, నిషేధకాలంలోనూ ఉంది, ఇప్పుడూ అలాగే ఉంది.

రాజురా మిత్రుడి పర్మిట్ రూంలో మీ బీరు పెట్టడం వల్ల మీకంటే ఆయనకే ఎక్కువ నష్టం. ఆయన లైసెన్సు, అధీకృత సరఫరాదారుల నుంచి కొన్న, సుంకం చెల్లించిన, లేబులుకు ఆమోదం ఉన్న సరుకును అమ్మడానికే చెల్లుతుంది. తెచ్చిన ప్రతి సీసాకూ రిజిస్టరులో లెక్క ఉండాలి. లెక్కలో లేని బీరు మగ్గుల్లో పోసి అమ్ముతూ దొరికితే ఆయన లైసెన్సు సస్పెండ్ కావచ్చు, రద్దు కావచ్చు, దానితోపాటు కేసు కూడా వస్తుంది. ఈ జిల్లాలో ఆరేళ్లు మూతపడి తిరిగి తెరుచుకున్న వ్యాపారం ఎంత విలువైనదో ఆయనకు మీకంటే బాగా తెలుసు. బహుశా మీ మీద ప్రేమతో ఆ మాట అన్నారేమో, మీరే వద్దని చెప్పండి.

ఆసిఫాబాద్ ఆలోచన కూడా పనికిరాదు. తెలంగాణలో 1968 నాటి ఎక్సైజు చట్టం అమలులో ఉంది, అక్కడా అనుమతి లేకుండా బీరు తయారుచేయడం నేరమే. ఆ రాష్ట్రంలో సీసాల బీరు బ్రూవరీ నుంచి నేరుగా దుకాణానికి వెళ్లదు, టోకు వ్యాపారం బెవరేజెస్ కార్పొరేషన్ చేతిలో ఉంది. 2015లో వచ్చిన మైక్రోబ్రూవరీ నియమాలు ఉన్నాయి కాని, అవి తయారుచేసిన చోటనే వడ్డించే హోటళ్లకు ఉద్దేశించినవి. అక్కడ తయారైన బీరును సరిహద్దు దగ్గరి వాంకిడి దాటించి రాజురాకు తేవాలంటే ఈ రాష్ట్రపు దిగుమతి అనుమతి, ఈ రాష్ట్రపు సుంకం రెండూ కావాలి. రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. మన బంధుత్వాలు, సంతలు ఇప్పటికీ ఆ పాత హద్దులనే పాటిస్తున్నాయి. ఎక్సైజు చట్టం మాత్రం ఇప్పటి హద్దును అంగుళం కూడా వదలదు.

కల్లు, ఇప్పసారాల పోలిక మీ ఉత్తరంలో న్యాయంగా అడిగిన ప్రశ్న, కనుక దాటవేయను. తెలంగాణలో కల్లు అనుమతి లేకుండా దొరుకుతున్నదన్న అభిప్రాయం సరికాదు. గీత పారిశ్రామిక సహకార సంఘాలకు, లేదా చెట్టు పట్టా పద్ధతిలో గీత కార్మికుడికి ఇచ్చిన లైసెన్సు మీదనే ఆ వ్యాపారం నడుస్తుంది. అది ఒక వృత్తికి, ఆ వృత్తిదారుల కులానికి, వారి సంఘానికి చట్టం ఇచ్చిన గుర్తింపు. ఇప్పసారా విషయం వేరు. గోండు, మాడియా కుటుంబాల పూజల్లో, పెళ్లిళ్లలో, చావుల్లో దానికి ఉన్న స్థానం మీ నెలవారీ ఇరవై లీటర్లకు లేదు. అయినా అమ్మకానికి కాచేవారి మీద గడ్చిరోలిలో దాడులు, కేసులు జరుగుతూనే ఉన్నాయి. షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నియంత్రించే అధికారాన్ని 1996 నాటి పెసా చట్టం గ్రామసభలకు ఇచ్చింది. కొన్ని గ్రామసభలు ఆ అధికారంతో తమ ఊళ్లో అమ్మకాన్ని ఆపుకున్నాయి కూడా. పక్కవారి మీద కేసు పడలేదన్నది మీ కేసులో వాదనగా నిలవదు. ఆదివాసుల ఆచారాన్ని మన వ్యాపారానికి అడ్డు పెట్టుకోవడం మర్యాద కూడా కాదు.

మీరు పంపిన హైడ్రోమీటరు లెక్కలు చూశాను. 1.050 లోంచి 1.010 తీసివేసి, మిగిలిన 0.040ను 131.25తో గుణిస్తే 5.25 వస్తుంది. అంటే మీ బీరులో ఆల్కహాలు సుమారు 5.25 శాతం. 2018లో రూపొంది 2019 ఏప్రిల్ నుంచి అమలైన ఆహార భద్రతా సంస్థ నిబంధనల ప్రకారం 0.5 శాతం దాటి 5 శాతం వరకు మామూలు బీరు, 5 దాటి 8 శాతం వరకు స్ట్రాంగ్ బీరు. మీరు తేలికపాటి బీరుగా భావించి ఇస్తున్నది ఆ లెక్కలో స్ట్రాంగ్ బీరు. ఇంటి పరికరంతో తీసుకున్న కొలతలో చిన్న తేడా ఉంటేనే తరగతి మారిపోతుంది. అందుకే చట్టం ప్రయోగశాల పరీక్షను, లేబులు మీద ఆల్కహాలు శాతాన్ని, ఆరోగ్య హెచ్చరికను తప్పనిసరి చేసింది. ధాన్యాన్ని పులియబెట్టినంత మాత్రాన కల్తీసారాలో వచ్చే మిథనాల్ (విషపూరిత ఆల్కహాలు) ప్రమాదం రాదన్నది మౌలికంగా సరైనదే. బట్టీ పెట్టి కాచడం, పారిశ్రామిక స్పిరిట్ కలపడం వల్ల వచ్చే ఆపద వేరు. అయితే బీరుకు దాని ప్రమాదం దానికి ఉంది. ఏల్ రకం యీస్టుకు 18 నుంచి 22 డిగ్రీల వేడి అనుకూలం. బల్లార్షాలో మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. పులియడం పూర్తికాకుండా మూత వేసినా, సీసాలో చక్కెర కొంచెం ఎక్కువైనా, ఆ వేడికి లోపల ఒత్తిడి పెరిగి గాజు సీసా పగులుతుంది. నలభై సీసాలు కారు డిక్కీలో మధ్యాహ్నపు ఎండలో ఉన్నప్పుడు ఏమి జరగగలదో ఊహించుకోండి. ఎవరి కంటికైనా గాజుముక్క తగిలితే మద్యనిషేధ చట్టంతో పాటు ఆహార భద్రతా చట్టం, భారతీయ న్యాయ సంహిత కూడా మీ కేసులో చేరతాయి.

కొందరు ఆన్‌లైన్‌లో ఆహార భద్రతా రిజిస్ట్రేషను తీసుకుని, గుమాస్తా (దుకాణ నమోదు) లైసెన్సు తీసుకుని, చిన్న పరిశ్రమగా ఉద్యమ్ నమోదు చేసుకుంటే చాలుననే సలహా ఇస్తారు. అవి వేటికవి అవసరమైన పత్రాలే. ఎక్సైజు అనుమతి లేని చోట వాటికి ఏ విలువా లేదు. తాగే మద్యం జీఎస్టీ పరిధిలోకి రాదు కనుక జీఎస్టీ నంబరు కూడా మిమ్మల్ని ఆదుకోదు. పైగా తయారీ చిరునామా మీరే స్వయంగా నమోదు చేసినట్లవుతుంది.

చట్టబద్ధమైన దారి ఉందా అంటే ఉంది, కాని అది ఇంటి గుమ్మంలోంచి మొదలు కాదు. మహారాష్ట్రలో బీరు, వైను తయారీకి 1966 నాటి నియమాలు ఉన్నాయి. వాటి కింద బ్రూవరీకి లైసెన్సు ఇస్తారు, తయారుచేసిన చోటనే వడ్డించే మైక్రోబ్రూవరీలకూ అనుమతులు ఇస్తున్నారు. పుణే, ముంబయిలలో మీరు చూసినవి అలాంటివే. దానికి వ్యాపార స్థలం, ఆహారశాల, నీటి వనరు, వ్యర్థజలాల శుద్ధి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, అగ్నిమాపక అనుమతి, స్థానిక సంస్థ అనుమతి కావాలి. విదేశాల నుంచో పెద్ద నగరాల నుంచో తెప్పించే స్టీలు తొట్లు కావాలి. ఇది కోట్ల రూపాయలతో ఆలోచించవలసిన వ్యవహారం, ఒక ఉద్యోగి పొదుపుతో మొదలుపెట్టేది కాదు. బల్లార్షా, చంద్రపూర్‌లలో ఆ ధరకు బీరు తాగేవారు ఎంతమంది ఉంటారో లెక్క వేయకుండా అప్పు చేయవద్దని నా గట్టి సలహా.

రెండవ దారి, లైసెన్సు ఉన్న బ్రూవరీలో మీ పద్ధతి ప్రకారం తయారుచేయించి మీ పేరుతో అమ్మడం. బీరా 91 అనే బీరు 2015లో మార్కెట్లోకి వచ్చినప్పుడు సొంత బ్రూవరీ లేకుండా, బెల్జియంలో తయారై వచ్చింది. ఈ దారిలో సైతం లేబులు ఆమోదం, బ్రాండు రుసుములు, కనీస పరిమాణం ఉంటాయి. ఒక్క బ్యాచే వేల లీటర్లు ఉంటుంది.

నేను మీ అన్నగా ఉంటే మూడవ దారినే చూపిస్తాను. మీకు ఈ పని మీద నిజమైన ప్రేమ ఉంది, కొలిచి, రాసుకుని పనిచేసే అలవాటు ఉంది. అది బ్రూవరీలు వెతుక్కునే గుణం. పుణే దగ్గర మాంజరిలోని వసంత్‌దాదా షుగర్ ఇన్‌స్టిట్యూట్‌లో పులియబెట్టడం, ఆల్కహాలు సాంకేతికతలో చదువులు ఉన్నాయి. లండన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్రూయింగ్ అండ్ డిస్టిలింగ్ నిర్వహించే పరీక్షలకు ఇక్కడినుంచే చదువుకుని హాజరుకావచ్చు. పుణేలో పరిచయాలు ఉన్నాయి కనుక ఏదైనా మైక్రోబ్రూవరీలో సహాయకుడిగా చేరడానికి ప్రయత్నించండి. అక్కడ తయారుచేసే ప్రతి లీటరూ లైసెన్సు నీడలో ఉంటుంది. ఇంట్లో తిరిగి తిరిగి చేసి నేర్చుకోలేని ఉష్ణోగ్రత నియంత్రణ, శుభ్రత, నీటి రసాయనం అక్కడ నేర్చుకుంటారు. ఇంటి దగ్గరే వ్యాపారం చేయాలన్న కోరిక బలంగా ఉంటే, పులియబెట్టని మాల్టు పానీయాలు, రాగి మాల్టు లాంటివి ఆహార భద్రతా రిజిస్ట్రేషనుతో చట్టబద్ధంగా చేసుకోవచ్చు. అల్లం పానీయాన్ని యీస్టుతో పులియబెడితే అందులోనూ ఆల్కహాలు పుడుతుందని మరచిపోవద్దు. దానికి గ్యాసు వేరుగా ఎక్కించుకోవడం మేలు.

ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ పెట్టి నేర్పుదామన్న ఆలోచన మీకు ఉందేమో తెలియదు కాని, ముందే చెబుతున్నాను. మద్యం ప్రకటనల మీద, ఈ చట్టం కింద నేరం చేయమని ఇతరులను ప్రోత్సహించడం మీద 23, 24 సెక్షన్లలో ఆంక్షలు ఉన్నాయి. బల్సారా కేసులో వాటిలోని కొంత భాగాన్ని సుప్రీంకోర్టు కొట్టివేసినా మిగిలిన భాగం నిలిచే ఉంది. ఇప్పటికే పెట్టిన ఫోటోలు ఉంటే, వాటిలో ధర, ఆర్డరు వివరాలు ఉంటే, అవి మీకు వ్యతిరేకంగా మీరే రాసిన పత్రాలు అవుతాయి.

సరదాకు, సొంత వాడకానికి కొద్ది లీటర్లు చేసుకునేవాడిని, కల్తీసారా బట్టీ పెట్టి ఊళ్లను పాడుచేసేవాడిని ఒకే సెక్షను కింద నిలబెట్టడం సరి కాదని నా అభిప్రాయం. సొంత వాడకానికి పరిమితి పెట్టి, నమోదు చేయించి, అమ్మకాన్ని మాత్రం కఠినంగా ఆపడం నిషేధం లేని జిల్లాల్లో సాధ్యమేనని నేను నమ్ముతున్నాను. ఆ మార్పు కోరుతూ ఎమ్మెల్యేకు, ఎక్సైజు మంత్రికి వినతిపత్రం ఇవ్వడం మీ హక్కు, అలాంటిది రాస్తే నేను సంతోషంగా సాయం చేస్తాను. కాని చట్టం మారాలని కోరడం వేరు, మారినట్లు నడుచుకోవడం వేరు. మొదటిది చేస్తున్నంతకాలం రెండవది అస్సలు చేయకూడదు.

ఇక వెంటనే చేయవలసిన పనులు. మీకు పోలీసుల నుంచి గాని, రాజ్య ఉత్పాదన శుల్క విభాగం (రాష్ట్ర ఎక్సైజు శాఖ) నుంచి గాని నోటీసు, ఫోను, పిలుపు ఏదైనా ఇప్పటికే వచ్చి ఉంటే, ఇంట్లో ఏ వస్తువునూ కదపకుండా, ఫోనులో ఏదీ చెరపకుండా, మొదట చంద్రపూర్‌లోగాని రాజురాలోగాని క్రిమినల్ కేసులు చూసే వకీలును స్వయంగా కలవండి. అలాంటిదేమీ రాకపోతే, మిగిలిన బీరును ఎవరికీ పంచకుండా పారబోయండి, వీడ్కోలు పార్టీ పేరుతో కూడా పంచవద్దు. స్నేహితుల నుంచి ముందుగా తీసుకున్న డబ్బు ఉంటే తిరిగి ఇచ్చేయండి. డ్రమ్ములను నీళ్లకు, ధాన్యానికి వాడుకోండి, మూతలు బిగించే యంత్రాన్ని, గొట్టాలను ఇంట్లో ఉంచుకోవద్దు. మైక్రోబ్రూవరీ లైసెన్సు నిబంధనలు, రుసుములు ఏటా మారుతుంటాయి కనుక, ఆ దారి గురించి ఆలోచిస్తే చంద్రపూర్‌లోని ఎక్సైజు అధీక్షకుడి (సూపరింటెండెంటు) కార్యాలయంలో మరాఠీలో రాతపూర్వకంగా అడగండి, జవాబు కూడా రాతపూర్వకంగానే తీసుకోండి. ఆ కాగితం నాకు పంపితే, మీ పొదుపుకు, మీ ఊరికి ఆ దారి సరిపోతుందో లేదో వచ్చే ఉత్తరంలో వివరంగా రాస్తాను.